కారేది రెండు పక్కలా, ఒక పక్కేనా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. తిరుపతిలో ఉంటాం. జూన్ నుంచి పక్క వీధిలో ప్లేస్కూలుకి పంపుతున్నాం. దసరా ముందు నుంచి, అంటే దాదాపు రెండు నెలలుగా, వాడికి ముక్కు కారడం ఆగలేదు. పోయిన నెల కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించాం. దిగొచ్చిన మూడో రోజు నుంచి ఇంకా ఎక్కువైంది. దానికి తోడు పెద్దవాళ్ల మాదిరి గొంతు సవరించుకుంటాడు. అచ్చం మా మామగారిలాగే. రోజుకి యాభై సార్లయినా ఉంటుంది. జ్వరం లేదు. తింటాడు, ఆడతాడు. గుండు మీద నీళ్లు దిగినాయని మా అత్త రోజూ సాంబ్రాణి వేస్తోంది, పెరుగూ అరటిపండూ మానిపించింది. మెడికల్ షాపులో అడిగి మూడు సిరప్‌లు మార్చాం. ఒక డాక్టరు అలర్జీ అన్నారు, ఇంకో డాక్టరు అడినాయిడ్స్ అన్నారు. ఎవరి మాట నమ్మాలి? అసలిది ఏమిటి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో అత్తగారున్నారు, మామగారున్నారు, ఇద్దరు డాక్టర్లున్నారు, మూడు సిరప్‌లున్నాయి. నేను మొదట వెతికింది మాత్రం లేదు. బాబుకి ముక్కు రెండు పక్కలా కారుతోందా, ఒక పక్కేనా?

ఇదేం ప్రశ్న అనుకోకండి. జలుబైనా, అలర్జీ అయినా, అడినాయిడ్స్ అయినా రెండు పక్కలా కారుతుంది. రోజుల తరబడి ఒక్క పక్కే కారుతూ, అది చిక్కగా, దుర్వాసనతో, అప్పుడప్పుడు కాస్త రక్తపు చారతో వస్తుంటే, ఆ ముక్కులో ఏదో ఇరుక్కుందని ముందు అనుమానించాలి. ఈ వయసు పిల్లలకి ముక్కు ఒక అలమరా లాంటిది. చింతగింజ, శెనక్కాయ పప్పు, దండలోంచి ఊడిన పూస, బలపం ముక్క, రబ్బరు తుంట, ఏది దొరికితే అది దాచేస్తారు. దాచామని చెప్పే మాటలు వాళ్లకింకా రావు, వచ్చినా తిడతారని చెప్పరు. ఇంట్లోవాళ్లు వారాల తరబడి జలుబు మందు పోస్తూనే ఉంటారు.

కాబట్టి ఈ రోజే పగటి వెలుగులో వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల కాస్త వెనక్కి వాల్చి, ఫోను టార్చితో రెండు ముక్కులూ చూడండి. ఏమైనా కనిపిస్తే పిన్నీసుతోనో పుల్లతోనో తీయబోకండి. ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు, నూనె పోయకండి. గింజలైతే తడికి ఉబ్బి గట్టిగా పట్టుకుంటాయి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర అది నిమిషాల పని. అయితే రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అని ఏమాత్రం అనుమానం వచ్చినా మర్నాటికి ఆగొద్దు. కొన్ని గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది, రెండు ముక్కుల మధ్య గోడకి చిల్లు పడుతుంది.

టార్చితో చూస్తే ఏమీ కనిపించలేదు, రెండు పక్కలా సమానంగానే కారుతోంది అంటారా? చాలావరకు అదే అయ్యుంటుంది. అయితే రెండో ప్రశ్న. ఈ రెండు నెలల్లో వాడి ముక్కు పొడిగా ఉన్న రోజులు అసలు లేవా? "ఆగలేదు" అని రాశారు. నా దగ్గరికి వచ్చే తల్లులు దాదాపు అందరూ అదే అంటారు. క్యాలెండర్ ముందు పెట్టి ఒక్కో వారమే అడిగితే, "ఆ, దీపావళి అప్పుడు నాలుగు రోజులు బాగానే ఉన్నాడు" అని గుర్తొస్తుంది. ఆ నాలుగు రోజులే మాకు కావలసింది. నడుమ ఖాళీ దొరికిందంటే అది రెండు నెలల జబ్బు కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చిన మూడు నాలుగు జలుబులు.

లెక్క చూడండి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైనే ఉన్నాయి. ఒకటి వచ్చి పోయినంత మాత్రాన ఇంకోటి రాకుండా ఉండదు. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు. కొత్తగా ప్లేస్కూల్లోనో అంగన్‌వాడీలోనో చేరిన మొదటి ఏడాది పది, పన్నెండు కూడా వస్తాయి. ఒక్కోటి వారం పది రోజులుంటుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగుతుంది. ఇవి ఏడాది పొడవునా సమానంగా పంచుకుని రావు. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, కిటికీలు మూసుకుని పిల్లలంతా ఒకే గదిలో ఉండే రోజులవి. ఒకడు తుమ్మితే పదిమందికి పంచినట్టే. జూన్‌లో స్కూల్లో వేశారు, దసరాకి మొదలైంది. నాకు ఆశ్చర్యంగా లేదు.

కొండ సంగతి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే అత్తగారు చూసిన దాంట్లో సగం నిజముంది. గుండు చేయించాకే ఎక్కువైంది, నిజమే. కానీ గుండు మీద నుంచి ముక్కులోకి నీళ్లు దిగే దారేదీ లేదు. వైరస్ ఒంట్లోకి చేరిన ఒకటి నుంచి మూడు రోజుల్లో జలుబు బయటపడుతుంది. దిగొచ్చిన మూడో రోజు అన్నారు, లెక్క సరిగ్గా సరిపోయింది. కళ్యాణకట్టలోనో, క్యూ కాంప్లెక్స్‌లోనో, బస్సులోనో పక్కనున్న వాళ్ల దగ్గర తగిలించుకుని ఉంటాడు. దేశం నలుమూలల జనం ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ గంటల తరబడి ఉండే చోటు అది. అయితే ఇంక దర్శనానికే వెళ్లొద్దా అని అడక్కండి. వెళ్లండి. శుభ్రంగా చేతులు కడిగించండి, జలుబుతో ఉన్నవాళ్ల పక్క కాస్త ఎడంగా ఉండండి, అంతకన్నా చేయగలిగింది లేదు.

ఇక ఆ గొంతు సవరింపు. మనకి ముక్కు కారితే చీదుతాం, గొంతులో కళ్లె పడితే ఉమ్ముతాం. రెండేళ్ల వాడికి రెండూ రావు. ముక్కు వెనక నుంచి గొంతులోకి జారిన చీమిడి అక్కడే పేరుకుంటుంది, దాన్ని కదిలించడానికి వాడికి తెలిసిన ఉపాయం అదొక్కటే. పడుకోగానే, పొద్దున లేవగానే ఎక్కువగా ఉంటే కారణం ఇదే అయ్యుంటుంది. మింగితే ఏమవుతుందో అని భయపడకండి, మింగినది కడుపులోకి పోయి అరిగిపోతుంది. ఒక్కోసారి పొద్దున్నే కళ్లెతో వాంతి చేసుకుంటారు, ఆ తర్వాత హాయిగా టిఫిన్ తింటారు.

చీమిడి రంగు గురించి మీరు అడగలేదు గానీ, తర్వాత అడుగుతారు. పచ్చగా మారింది కాబట్టి యాంటీబయాటిక్ కావాలన్నది తప్పు. ఒంట్లో వైరస్‌తో పోరాడే తెల్లకణాల్లో ఇనుముతో కూడిన ఎంజైమ్ ఒకటుంది, ఆ పచ్చదనం దానిది. మామూలు జలుబులోనే మూడు నాలుగు రోజులకి చీమిడి చిక్కబడి పసుపుగా, ఆకుపచ్చగా అవుతుంది, మళ్లీ పల్చబడుతుంది. నడుమ ఒక్క రోజు కూడా తెరిపి లేకుండా పది రోజులు దాటినా, తగ్గుతున్నట్టే తగ్గి జ్వరంతో తిరగబెట్టినా, గట్టి జ్వరంతో పాటు చిక్కటి చీమిడి మూడు రోజులు వరసగా ఉన్నా సైనసైటిస్ అనుకోవాలి, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల వాపు. యాంటీబయాటిక్ కావాలా వద్దా అని డాక్టరు ఆలోచించేది అప్పుడు.

ఇప్పుడు మీకు కొంచెం ఇబ్బందిగా అనిపించే మాట. సాంబ్రాణి ఆపాలి. పసివాడికి తలంటి, సాంబ్రాణి పొగ చూపించి, ఉయ్యాల్లో వేయడం మన ఇళ్లలో ఎంత ముద్దుగా ఉంటుందో నాకు తెలుసు, ఆ వాసనకి నాకూ మా అవ్వ గుర్తొస్తుంది. కానీ బొగ్గుల మీద వేసిన సాంబ్రాణి పొగ వాడి ముక్కు లోపలి పొరకి వంటింట్లో కట్టెల పొగతో సమానం. ఆ పొర మీద కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుంది, చీమిడిని ఊడ్చి వెనక్కి, గొంతు వైపు తోసే చీపురు అదే. పొగ తగిలితే ఆ చీపురు మందగిస్తుంది, పైగా చీమిడి ఎక్కువ ఊరుతుంది. మీ ఇంట్లో సాంబ్రాణి ఒక్కటే ఉండదు. పొద్దున ఊదుబత్తి, సాయంత్రం హారతి కర్పూరం, రాత్రి తలుపులేసుకుని దోమల చుట్ట. వీటి మీద ఎవరైనా బీడీయో సిగరెట్టో కాలిస్తే అది వేరే లెక్క. బయట మెట్ల మీద కాల్చి వచ్చినా చొక్కాకి పట్టిన పొగ లోపలికి వస్తుంది. దోమల చుట్ట బదులు దోమతెర కట్టండి. దేవుడి దగ్గర దీపం చాలు. మూడు వారాలు ఇంట్లో ఏ పొగా లేకుండా చూడండి, ఆ గొంతు చప్పుడు యాభై నుంచి ఎంతకి దిగిందో మీరే లెక్కపెడతారు.

కర్పూరం అన్నాను కాబట్టి ఇంకో మాట. జలుబుకని కర్పూరం కొబ్బరినూనెలో కాచి గుండెకీ ముక్కుకీ రాయడం, మూటకట్టి మెడలో వేయడం ఇంకా చూస్తున్నాను. కర్పూరం చర్మం నుంచీ ఒంట్లోకి పోతుంది, నోట్లో పడితే కొంచెమే అయినా పసిపిల్లలకి ఫిట్స్ తెప్పిస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకి కర్పూరం ఉన్న బాములేవీ వాడకూడదు, ఆ వయసు దాటినా ముక్కు దగ్గర రాయకూడదు. స్నానమప్పుడు ముక్కులో ఆముదమో కొబ్బరినూనో చుక్కలు వేసే అలవాటు ఉంటే అదీ మానండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే న్యుమోనియా ఒకటుంది, అది పోవడం కష్టం. ఆవిరి పట్టడానికి మరుగు నీళ్ల గిన్నె ముందు ఈ వయసు వాణ్ణి కూర్చోబెట్టడం కూడా వద్దు. జలుబు దానంతటదే పోతుంది, కాలిన మచ్చ పోదు.

మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట నమ్మాలన్నారు. ఇద్దరిదీ నిజం కావచ్చు, ఇద్దరిదీ కాకపోవచ్చు. ఒక్కసారి చూసి తేల్చే విషయం కాదిది.

అలర్జీ అయితే చీమిడి నీళ్లలా పల్చగా ఉంటుంది, వారాలు గడిచినా చిక్కబడదు. తుమ్ములు వరసగా నాలుగైదు వస్తాయి. అన్నిటికన్నా పెద్ద గుర్తు దురద. అరచేత్తో ముక్కుని కింది నుంచి పైకి తోస్తూ రుద్దుతుంటారు, కళ్లు నలుపుతారు. ఇంట్లో తల్లికో తండ్రికో అలర్జీ, ఉబ్బసం ఉన్నా, బిడ్డకి చిన్నప్పటి నుంచి మోచేతి మడతల్లో తామరలాంటి దద్దుర్లు ఉన్నా అనుమానం బలపడుతుంది. మామిడి పూత వల్లేనని మన జిల్లాలో చాలామంది అంటారు. పూత వచ్చేది చలికాలం చివర, మీవాడికి మొదలైంది దసరాకి. అదీగాక మామిడి పుప్పొడి బరువు, ఈగలూ పురుగులూ మోస్తే తప్ప దూరం పోదు. రెండేళ్ల పిల్లల్లో పుప్పొడి అలర్జీ అరుదు కూడా. ఈ వయసులో మొదట అనుమానించాల్సినవి ఇంట్లోనే ఉంటాయి. పరుపుల్లో, దిండ్లలో, బొచ్చు బొమ్మల్లో ఉండే కంటికి కనిపించని ధూళి పురుగులు, బొద్దింకలు, వానలకి చెమ్మగిల్లిన గోడ మీది బూజు. పాత బూరుగుదూది దిండు ఉంటే వాడి పక్కలోంచి తీసేయండి. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి.

అడినాయిడ్స్ అంటే ముక్కు వెనక, కొండనాలుక పైన ఉండే కండ. అందరు పిల్లలకీ ఉంటుంది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల మధ్య బాగా పెరిగి తర్వాత దానంతటదే కుంచించుకుపోతుంది. జలుబు మీద జలుబు వచ్చినప్పుడు ఇది వాచి దారికి అడ్డం పడుతుంది. దీని గుర్తులు పగలు కాదు, రాత్రి చూడాలి. నోరు తెరుచుకునే నిద్రపోతాడా? జలుబు లేని రోజుల్లో కూడా గురక పెడతాడా? గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటాడా? అలా ఉంటే వాడు నిద్రపోతున్నప్పుడు ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. నోటితో అరగంట చెప్పేదాని కన్నా అది నయం. పిలిస్తే పలకడం తగ్గినా, టీవీ దగ్గరికి పోయి చూస్తున్నా చెప్పండి, చెవిలో నీరు చేరిందేమో చూస్తారు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. రాత్రి పడుకుని సీసాతో పాలు తాగుతూ నిద్రపోయే అలవాటుంటే, ఆ పాలు గొంతుదాకా ఎగదన్ని సవరింపు రావచ్చు. సీసా ఎప్పుడో మానాల్సిన వయసు, ఇప్పుడైనా మాన్పించండి. నవ్వినా పరుగెత్తినా దగ్గు వస్తూ, తెల్లవారుజామున పిల్లికూతలుంటే ఉబ్బసం వైపు చూడాలి. శెనక్కాయో జీడిపప్పో నములుతూ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరయ్యాడు, ఆ రోజు నుంచే ఈ చప్పుడు అంటే అది ఊపిరిగొట్టంలోకి పోయి ఉండవచ్చు, ఎక్స్‌రే బాగున్నా వదలకూడదు. మన ఇళ్లలో చేతికందే దూరంలో వేయించిన శెనక్కాయలు ఎప్పుడూ ఉంటాయి. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలు పొడి చేసే పెట్టండి, లడ్డూ ప్రసాదంలోని జీడిపప్పూ కలకండ ముక్కలూ తీసి మీరు తినండి. ఏదైనా తిన్న కాసేపట్లోనే గొంతు పదే పదే సవరించుకుంటూ, ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తే అది తిండి అలర్జీ, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మామగారిలాగే అన్నారు. నవ్వొచ్చింది, కానీ ఆ మాటని రెండు రకాలుగా తీసుకున్నాను. ఈ వయసువాళ్లు చూసిందల్లా చేస్తారు. ముక్కు బాగైనా తాత అలవాటు కొన్నాళ్లు మిగిలితే, మానమని కసరకండి, పట్టించుకోకపోతే మరిచిపోతాడు. నిద్రలో ఆ చప్పుడు ఉండదు, గుర్తు అదే. రెండోది, ఆయనకి రెండు వారాలకు మించి దగ్గు ఉందా? ఉంటే ముందు ఆయన కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షా మందులూ ఉచితం. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గుని పట్టించుకోకుండా పసివాడికి మందులు పోయడంలో అర్థం లేదు.

సిరప్‌ల విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను. ఆ మూడు సీసాలూ పారేయండి. జలుబు మందుల్లో ఎక్కువగా కనిపించేది క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జంట. నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని ఆ సీసాల మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. సీసా తిప్పి చదవండి, బహుశా మీ మూడింట్లో ఒకదాని మీదైనా ఉంటుంది. అది ఇస్తే పిల్లవాడు మత్తుగా పడుకుంటాడు, తగ్గిందనుకుంటాం. చీమిడి ఎండి గొంతులో జిగురులా పట్టుకుంటుంది, సవరింపు ఇంకా పెరుగుతుంది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో పసిపిల్లలు దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు పాడై చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. ఆ సిరప్ తయారైంది ఎక్కడో కాదు, మనకి పక్కనే ఉన్న కాంచీపురం జిల్లాలో. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది, దగ్గు జలుబు మందులు రెండేళ్ల లోపు పిల్లలకి రాయనే కూడదని, ఐదేళ్ల లోపు వాళ్లకి సాధారణంగా వద్దని. అలర్జీ అని తేలితే దానికి వేరే మందులున్నాయి, ముక్కులో కొట్టే స్ప్రే కూడా ఉంది, అవి డాక్టరు బరువు చూసి రాయాలి.

మరి ఏం పోయాలి అంటారు. ఉప్పునీటి చుక్కలు. మెడికల్ షాపులో సెలైన్ నాసల్ డ్రాప్స్ అని అడిగి, సీసా మీద సోడియం క్లోరైడ్ 0.65 శాతం అని ఉందో లేదో మీరే చదవండి. జైలోమెటజోలిన్ అనో ఆక్సీమెటజోలిన్ అనో ఉంటే వెనక్కి ఇచ్చేయండి, సీసాలు ఒకేలా ఉంటాయి, పని వేరు. తిండికి ముందు, పడుకునే ముందు ఒక్కో ముక్కులో రెండేసి చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. దీపం ఆర్పే ఆటలాగా, నోరు మూసి ముక్కుతో ఊది కాగితం ముక్కని కదిలించడం నేర్పండి. నెల రోజుల్లో చీదడం వచ్చేస్తుంది, సగం గొంతు బాధ తీరుతుంది. పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు, ఏడాది నిండని పిల్లలకి మాత్రం ఎప్పుడూ వద్దు. పెరుగు, అరటిపండు తిరిగి పెట్టండి. అవి చీమిడిని పెంచవు. ఇన్నాళ్లుగా వాటిని మానిపించినా ముక్కు ఆగలేదు కదా, అత్తగారికి ఈ మాటే చెప్పండి.

గోడ క్యాలెండర్ మీద రోజూ ఒక గుర్తు పెట్టండి. ముక్కు పొడిగా ఉన్న రోజు సున్నా, కారిన రోజు గీత, గురక పెట్టిన రాత్రి చుక్క. మూడు వారాల తర్వాత ఆ కాగితం పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. సున్నాలు అక్కడక్కడా ఉంటే జలుబులే. ఒక్క సున్నా కూడా లేకపోతే అలర్జీనా, అడినాయిడ్సా, సైనసా అని తేల్చాల్సిందే. మీ ఊరి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగమూ ఈఎన్‌టీ విభాగమూ రెండూ ఉన్నాయి, ఒకే చోట పని అవుతుంది.

ఆ మూడు వారాలు ఆగకూడని సందర్భాలు కూడా చెప్పాలి. వాడు నిమ్మళంగా ఉన్నప్పుడు పొట్ట చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. నలభై, అంతకు మించి ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, మగతగా పడి ఉంటున్నా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి పీల్చేటప్పుడు గొరగొరమని శబ్దం వస్తున్నా, అర్ధరాత్రయినా బయల్దేరండి.

సాంబ్రాణి మానమని అత్తగారితో మీరు నేరుగా చెప్తే ఇంట్లో మాటా మాటా వస్తుందేమో. ఆ ఉప్పునీటి చుక్కల సీసా ఆవిడ చేతికే ఇవ్వండి. పసివాణ్ణి కాళ్ల మీద వేసుకుని కదలకుండా పట్టుకోవడం ఆవిడకి వచ్చినట్టు మీకూ రాదు, నాకూ రాదు. టార్చితో చూసేటప్పుడు కూడా ఆవిణ్ణే పట్టుకోమనండి. ఏం కనిపించిందో నాకు రాయండి.